ఇరాన్‌లో రాజు దిగిపోతే కోరుట్లలో దీపం ఆరింది

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి మూడుసార్లు ఫోన్ చేశాడు. బడి ముందరి చింతచెట్టు గురించి, ఇంటర్వెల్ గంట గురించి, గేటు పక్కన రేగుపండ్లు అమ్మిన అవ్వ గురించి నాకన్నా బాగా రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పంపులు, పైపులైన్ల మధ్య బతికిన మెకానికల్ ఇంజనీరును. కథలు రావు. అయితే మన సోషల్ సారుకు నేనొక జవాబు బాకీ ఉన్నాను. నలభై ఆరేళ్ళ బాకీ. అది ఇక్కడ తీర్చుకుందామని కూర్చున్నాను.

1979 వానాకాలం. నేను ఏడో తరగతి. కోరుట్లలో మా ఇంటికి అప్పటికి కరెంటు రాలేదు, చదువంతా కందిలి వెలుతురులోనే. ఆ యేడు గ్యాస్‌నూనెకు కటకట. రేషన్ దుకాణం ముందు డబ్బాలు వరుసలో పెట్టేవాళ్ళు. మా డబ్బా ముందుకు జరుగుతుందో లేదో చూస్తూ నిలబడడం నా పని. ఒకరోజు హోంవర్కు చేయకుండా బడికి వెళ్ళాను.

"నోట్సు ఏదిరా?"

"గ్యాస్‌నూనె దొరకలే సార్. కందిలి ముట్టియ్యలే."

"ఎందుకు దొరకలే?"

"డీలరుకు రాలేదట సార్."

"డీలరుకు ఎందుకు రాలే?"

నాకేం తెలుసు! సారు బెత్తం బల్ల మీద పెట్టి, చాక్‌పీసుతో బోర్డు మీద ఒక మూలకు 'ఇరాన్' అని, ఇంకో మూలకు 'కోరుట్ల' అని రాశారు. "అక్కడ రాజు దిగిపోయిండు. ఇక్కడ నీ దీపం ఆరింది. నడుమ ఏమున్నదో రేపు రాసుకరా" అన్నారు.

మర్నాడు మూడు వాక్యాలు రాసుకెళ్ళాను. రాజు చెడ్డవాడు. ప్రజలు తరిమేశారు. నూనె తగ్గింది. సారు చదివి నవ్వారు. "రాజు చెడ్డోడైతే సరిపోదురా. చెడ్డ రాజులు నూరేండ్లు ఏలినోళ్ళున్నరు. ఈయన ఆ యేడే ఎందుకు దిగిండు? దిగినంక కుర్చీ ఎవరికి దొరికింది? అది చెప్పు" అన్నారు. అంతలో గంట కొట్టారు. ఆ ప్రశ్న మళ్ళీ క్లాసులో రాలేదు. నన్ను మాత్రం వదల్లేదు.

షా అంటే ఫారసీలో రాజు. ఆ రాజు పూర్తి పేరు మహమ్మద్ రెజా పహ్లవీ. 1941లో బ్రిటిష్, సోవియట్ సేనలు ఇరాన్‌లోకి దిగి తండ్రి రెజా షాను గద్దె దించితే, ఇరవై ఒక్క ఏళ్ళకు ఈయన గద్దె ఎక్కాడు. 1951లో ప్రధాని మొసాద్దెఖ్ చమురును జాతీయం చేశాడు. అప్పటిదాకా ఇరాన్ చమురు ఆంగ్లో-ఇరానియన్ ఆయిల్ కంపెనీది, అంటే ప్రధానంగా బ్రిటన్‌ది. ఇప్పుడు మనం బీపీ అని పిలిచే కంపెనీ అదే. 1953 ఆగస్టులో అమెరికా సీఐఏ, బ్రిటిష్ గూఢచారి సంస్థ కలిసి నడిపిన కుట్రలో మొసాద్దెఖ్ కూలిపోయాడు. భయపడి రోమ్ పారిపోయిన షా తిరిగొచ్చి గద్దె మీద కూర్చున్నాడు. ఈ కుట్రలో తన పాత్ర ఉందని సీఐఏ పత్రాలే 2013లో ఒప్పుకున్నాయి.

మన తాతలకు ఇలాంటి రాజు కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడు అనే బిరుదు పెట్టుకున్న నిజాం పాలనలోనే వాళ్ళు పన్నులు కట్టారు, వెట్టి చేశారు. 1947 ఆగస్టులో ఆ అండ పోయింది. తర్వాత పదమూడు నెలలకు, 1948 సెప్టెంబరులో, భారత సైన్యం వచ్చినప్పుడు నిజాం సర్కారు నిలిచింది అయిదు రోజులే. ఇంటి గోడకు బయటి నుంచి ఊతకర్ర పెట్టినప్పుడు గోడ బలం మనకు కనిపించదు, కర్ర బలమే కనిపిస్తుంది.

షా కూడా కర్రను చూసి గోడ గట్టిదనుకున్నాడు. 1963లో శ్వేత విప్లవం పేరుతో భూసంస్కరణలు, స్త్రీలకు ఓటు హక్కు తెచ్చాడు. చెడ్డ పనులేమీ కావు. కానీ భూమి చాలని రైతులు లక్షల్లో పట్నం దారి పట్టి దక్షిణ తెహ్రాన్ మురికివాడల్లో తేలారు. ఆ సంస్కరణలనూ, అమెరికా సైనిక సిబ్బందిని ఇరాన్ కోర్టులు విచారించరాదన్న చట్టాన్నీ ఎదిరించిన మతగురువు రూహొల్లా ఖొమేనీని 1964లో దేశం నుంచి వెళ్ళగొట్టాడు. ఆయన టర్కీ మీదుగా ఇరాక్‌లోని నజఫ్ చేరి అక్కడే పద్నాలుగో ఏడు దాకా ఉండిపోయాడు. 1971లో షా పెర్సెపొలిస్ శిథిలాల పక్కన గుడారాలు వేసి, పారిస్ నుంచి వంటవాళ్ళను రప్పించి, రెండున్నర వేల ఏళ్ళ రాచరికానికి పండుగ చేశాడు. 1973లో చమురు ధర నాలుగింతలైంది. డబ్బు వరదలా వచ్చింది, ధరలూ అలాగే పెరిగాయి. ధరలు పెరిగినందుకు బజారులోని దుకాణదారులను దోషులను చేసి, విద్యార్థులను తనిఖీకి పంపించి జరిమానాలు వేయించాడు. 1975లో ఒకే ఒక పార్టీ ఉంచి మిగతావి మూయించాడు. 1976లో ఏకంగా క్యాలెండరు మార్చాడు. ఇరానీయులు రాత్రి 1355లో పడుకొని పొద్దున 2535లో లేచారు!

ఊరిని, బజారును, మసీదును, కాలేజీని ఒక్కడే ఒకేసారి దూరం చేసుకోవడం చిన్న పని కాదు. అయినా 1977 డిసెంబరు 31 రాత్రి తెహ్రాన్ విందులో అమెరికా అధ్యక్షుడు కార్టర్, అల్లకల్లోలంగా ఉన్న ప్రాంతంలో ఇరాన్ ఒక సుస్థిర ద్వీపమని షాను మెచ్చుకున్నాడు. ఆ మాటకు సరిగ్గా ఒక వారం.

1978 జనవరి 7న ఎత్తెలాత్ అనే ప్రభుత్వ అనుకూల పత్రికలో ఖొమేనీని తిడుతూ మారుపేరుతో వ్యాసం వచ్చింది. అందులో ఆయన్ను 'హిందీ' అని, అంటే హిందూస్తాన్ వాడని ఎగతాళి చేశారు. ఆయన తాత మన ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా కింటూరు నుంచి వెళ్ళినవాడే. జనవరి 9న ఖుమ్ పట్టణంలో మదర్సా విద్యార్థులు ఊరేగింపు తీశారు. కాల్పుల్లో కొందరు చనిపోయారు. నలభయ్యో రోజున, ఫిబ్రవరి 18న, వాళ్ళ దినం జరిపేందుకు తబ్రీజ్‌లో జనం వచ్చారు. అక్కడా కాల్పులు. మళ్ళీ నలభై రోజులకు, మార్చి చివర, యజ్ద్‌లో. మళ్ళీ నలభై రోజులకు మే నెలలో.

సారుకు నేను ఇవ్వగల జవాబులో ఒక ముక్క ఇదే. ఊయలను ఎంత బలంగా తోశామన్నది కాదు, ఎప్పుడు తోశామన్నది ముఖ్యం. అది వెనక్కి వచ్చి ఆగిన క్షణంలో చిటికెన వేలితో తోసినా ప్రతిసారీ ఇంకాస్త పైకి లేస్తుంది. చనిపోయినవాళ్ళకు నలభయ్యో రోజు చేయడం ఆచారం. దాన్ని ఏ ప్రభుత్వమూ నిషేధించలేదు. ఎవరూ కరపత్రం వేసి తేదీ చెప్పనవసరం లేదు, తుపాకీ పేల్చిన రోజే తర్వాతి సభ తేదీ ఖాయమైపోతుంది. షా పోలీసులే విప్లవానికి క్యాలెండరు రాసిచ్చారు.

ఆగస్టు 19న చమురు పట్టణం అబాదాన్‌లో రెక్స్ అనే సినిమా హాలు తలుపులు మూసి ఉండగా తగలబడింది. నాలుగు వందల మంది దాకా మాడిపోయారు. షా రహస్య పోలీసు సావాక్ పనేనని దేశమంతా నమ్మింది. మతవాద యువకుల చేయి ఉందన్న సంగతి తర్వాతి విచారణలో బయటపడింది. అప్పటికి గద్దె మారిపోయింది. రాజు మీద నమ్మకం పోయాక, చేయని నేరం కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది.

ఇక సెప్టెంబరు. ఇక్కడ కాసేపు మన జగిత్యాలకు రావాలి.

1978 సెప్టెంబరు 7, గురువారం. జగిత్యాల జైత్రయాత్ర. ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడాదిన్నర కూడా కాలేదు. వెట్టి పోవాలని, దొరలు ఆక్రమించిన భూములు వదలాలని, వసూలు చేసిన దండుగలు తిరిగి ఇయ్యాలని రైతుకూలీలు పల్లెపల్లె నుంచి వేలకు వేలు నడిచి వచ్చారు. నాకు పదేళ్ళు. మా వాడ నుంచి వెళ్ళినవాళ్ళు మర్నాడు తిరిగొచ్చి, జగిత్యాలలో నిలబడ జాగ లేదని చెప్పుకుంటుంటే అరుగు మీద కూర్చుని విన్నాను. వాళ్ళు అలా చెప్పుకుంటున్న శుక్రవారమే, సెప్టెంబరు 8న, తెహ్రాన్ జాలే చౌక్‌లో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. సైనిక శాసనం పెట్టామని ఆ ఉదయమే ప్రకటించారు, చౌక్‌కు వచ్చిన చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆ రోజుకు నల్ల శుక్రవారమని పేరు పడింది. ఆ తర్వాత షాకూ జనానికీ మధ్య రాజీ మాట వినేవాడు లేడు.

రెండూ ఒకటని నేను అనడం లేదు. ఒకచోట నాలుగు లక్షల సైన్యం ఉన్న చక్రవర్తి, ఇంకోచోట గడీల్లోని దొరలు. ఒకచోట మసీదు నడిపించింది, ఇంకోచోట ఎర్రజెండా. కానీ జగిత్యాల రోడ్ల మీద వినిపించిన 'ఇంక్విలాబ్ జిందాబాద్' తెహ్రాన్ వీధిలో ఎవరైనా విని ఉంటే తర్జుమా అవసరం పడేది కాదు. వాళ్ళ భాషలో విప్లవాన్ని ఎంఖెలాబ్ అంటారు. నిజాం సర్కారులో 1880లలో ఉర్దూ వచ్చేదాకా రాజభాష ఫారసీయే కదా. తహసీలు, దస్తావేజు, దర్వాజ, బజారు, సిరిసిల్లలో సాంచాలు నడిచే కార్ఖానా, అన్నీ ఆ దారిన వచ్చినవే. అక్టోబరులో మన ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు దిగాయి. పొద్దుగూకినంక బయట కనిపిస్తే తంతారని అమ్మ మమ్మల్ని దర్వాజ దాటనిచ్చేది కాదు.

అదే అక్టోబరులో ఇరాక్ ప్రభుత్వం ఖొమేనీని నజఫ్ నుంచి పంపించేసింది. ఆయన పారిస్ దగ్గర నోఫ్ల్-లె-షాతో అనే పల్లెకు చేరాడు. దూరం పంపితే పీడ పోతుందని షా అనుకున్నాడు. నజఫ్‌లో లేని టెలిఫోన్లు, ప్రపంచ పత్రికలవాళ్ళు పారిస్‌లో దొరికారు. ఆయన ఉపన్యాసం ఫోన్‌లో తెహ్రాన్ చేరేది, అక్కడ టేప్‌రికార్డర్‌లోకి ఎక్కేది, ఒక క్యాసెట్ పదై, వందై, మసీదు నుంచి మసీదుకు పోయేది. షా చేతిలో రేడియో ఉంది, టీవీ ఉంది. క్యాసెట్‌ను సెన్సార్ చేసే యంత్రం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

డిసెంబరులో మొహర్రం వచ్చింది. మన పల్లెల్లో పెరిగిన వాళ్ళకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆలాయి గుండం చుట్టూ ఆడటం, పీర్ల ముందు కుడుకలు పెట్టడం, పీరు ఎత్తుకున్న సాకలి తాతకు పూనకం రావడం మన పండుగల్లో ఒకటి. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఖలీఫా యజీద్ సైన్యం చేతిలో, దాహంతో, పిడికెడు మందితో ప్రాణాలు విడిచిన ఇమామ్ హుసేన్ జ్ఞాపకం అది. మనకు అది పీర్ల పండుగ అయింది. షియాల దేశమైన ఇరాన్‌లో అది ప్రతి ఇంటి శోకం. ఆ యేడు వాళ్ళు షాకు యజీద్ అని పేరు పెట్టారు. ఇక కథ చెప్పాల్సిన పని లేదు, వీధిలో ఎవరు ఏ పక్కన నిలబడాలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. డిసెంబరు 10, 11 తేదీల్లో, మొహర్రం తొమ్మిది, పది రోజుల్లో, దేశవ్యాప్తంగా లక్షల మంది నడిచారు. ఆ వారంలోనే మా వాడలో కూడా పీర్లు లేచాయి. ఒకే శోకం కోరుట్లలో అలాయిబలాయి తీసుకునే పండుగైంది, తెహ్రాన్‌లో సింహాసనాన్ని పెకిలించింది.

అయితే ఊరేగింపులతోనే రాజు దిగిపోయాడంటే ఇంజనీరుగా నాకు మింగుడుపడదు. ఊరేగింపు సాయంత్రానికి ఇంటికి పోతుంది. షా ఊపిరి ఆగింది చమురు బావుల దగ్గర. అక్టోబరులో చమురు కార్మికులు, టెక్నీషియన్లు సమ్మెకు దిగారు. అప్పటికి ఇరాన్ రోజుకు యాభై అయిదు లక్షల బారెళ్ళకు పైగా తీస్తోంది. కొద్ది వారాల్లో అది పదిహేను లక్షల దరిదాపులకు పడిపోయింది, డిసెంబరు ఆఖరుకు ఎగుమతి ఆగిపోయింది. బావి దగ్గర నీటిని, ఇసుకను, గ్యాసును వేరు చేసే యూనిట్లుంటాయి, వాటి తర్వాత పంపింగ్ స్టేషన్లు, ఓడరేవులో లోడింగ్ చేతులు. ఏ ఒక్కచోట వాల్వు మూసినా వెనకున్నదంతా ఆపాల్సిందే. తుపాకీ పట్టిన సిపాయి కార్మికుణ్ణి బావి దగ్గరికి లాక్కుపోగలడు. ఏ వాల్వు ఎంత తెరవాలో సిపాయికి తెలియదు. సైన్యం ట్యాంకులకు కూడా డీజిల్ అక్కడి నుంచే రావాలి. ఈ సంగతి పుస్తకాల్లో ఒక పేరాలో ముగిస్తారు. నా లెక్కలో విప్లవం వెన్నెముక అదే.

మద్రాసు మణలిలో 1960లలో రిఫైనరీ పెట్టినప్పుడు ఇరాన్ జాతీయ చమురు కంపెనీ అందులో వాటాదారు. మన దేశం ముడిచమురు కోసం ఇరాన్, ఇరాక్‌ల మీద ఆధారపడి ఉన్న రోజులవి. ప్రపంచ మార్కెట్లో 1978లో బారెల్ పదమూడు డాలర్లకు అటూఇటూ ఉన్న ధర 1980కి ముప్ఫై దాటింది. సార్, నా కందిలి ఆరిన దారి ఇదీ.

1979 జనవరి 16న షా దేశం విడిచాడు. ఫిబ్రవరి 1న ఖొమేనీ వచ్చాడు. ఫిబ్రవరి 9 రాత్రి తెహ్రాన్ వైమానిక స్థావరంలో తిరగబడింది ఎవరనుకున్నారు? పైలట్లు కాదు, హోమాఫర్లు అని పిలిచే విమాన టెక్నీషియన్లు. రాజు సొంత గార్డు దళం వాళ్ళ మీదికి పోతే పట్నం వాళ్ళకు అండగా నిలబడింది. 11వ తేదీకి సైన్యం చేతులు ముడుచుకుంది.

సారు రెండో ప్రశ్న, కుర్చీ ఎవరికి దొరికింది? నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ భాగమే. మొదటి ప్రధానమంత్రి మెహదీ బజర్గాన్. మా వాడు, ఇంజనీరు! ఫ్రాన్స్‌లో చదివి, తెహ్రాన్ విశ్వవిద్యాలయంలో థర్మోడైనమిక్స్ చెప్పినవాడు. 1951లో మొసాద్దెఖ్ చమురును జాతీయం చేసినప్పుడు ఆ బాధ్యత ఆయనకే అప్పగించాడు. సమ్మె నడుస్తున్నప్పుడు ప్రజల పొయ్యిలకు సరిపడా చమురు మాత్రం తీయించేందుకు ఖొమేనీ పంపింది కూడా ఆయన్నే. నిజాయితీపరుడు, దైవభక్తుడు, చట్టం ప్రకారం నడవాలనుకునేవాడు. కానీ ఊరూరా వెలసిన విప్లవ కమిటీలు, కోర్టులు ఆయన మాట వినలేదు. తన చేతికి పిడి ఇచ్చి కత్తి అలుగు ఇంకొకరి దగ్గర పెట్టారని ఆయనే వాపోయాడు. నవంబరు 4న విద్యార్థులు అమెరికా ఎంబసీని పట్టుకున్నారు. రెండు రోజులకు ఆయన రాజీనామా చేశాడు.

ఒక్క బజర్గానే కాదు. వాల్వులు మూసిన కార్మికుల స్వతంత్ర కౌన్సిళ్ళు పోయాయి. షాతో తుపాకీ పట్టి పోరాడిన వామపక్షాల వాళ్ళు జైలుకో ఉరికంబానికో వెళ్ళారు, 1988లో ఖైదీలను వేల సంఖ్యలో చంపేశారు. ఊరేగింపుల్లో నడిచిన స్త్రీలు, విప్లవం గెలిచి నెల తిరగకముందే, మార్చి 8న, నిర్బంధ పరదాకు వ్యతిరేకంగా మళ్ళీ వీధిలోకి రావాల్సి వచ్చింది. మార్చి ఆఖరున జరిగిన ఓటింగులో ఒకటే ప్రశ్న, ఇస్లామిక్ రిపబ్లిక్ కావాలా వద్దా. నూటికి తొంభై ఎనిమిది మంది కావాలన్నారు. అందులో ఏముంటుందో అప్పటికి రాసి లేదు.

వీళ్ళందరినీ కాదని మతగురువులే ఎందుకు గెలిచారు? షా పాతికేళ్ళు పార్టీలను, సంఘాలను, పత్రికలను మూసేశాడు. మూయలేకపోయింది మసీదును. ప్రతి వాడలో ఒక కప్పు, ఒక మైకు, చందాల పెట్టె, మాట వినే మనుషులు. రాజు పోయిన మర్నాడు రేషన్ పంచాలన్నా, కాపలా కాయాలన్నా తయారుగా ఉన్న యంత్రాంగం అదొక్కటే. వాళ్ళకు కుర్చీని సిద్ధం చేసిపెట్టింది షాయే.

సారు ప్రశ్నకు జవాబు ఇక్కడితో అయిపోవాలి. కానీ బోర్డు మీద రెండో మూల కోరుట్ల ఉంది కదా.

చమురు ధర పెరిగితే మనకు కటకట, గల్ఫ్ రాజులకు పంట. ఆ డబ్బుతో రోడ్లు, రేవులు, మేడలు మొదలయ్యాయి. కట్టేందుకు మనుషులు కావాలి. ఇక్కడ సరిగ్గా అప్పుడే వెట్టి వద్దన్న చేతులు ఖాళీగా ఉన్నాయి, దొరలు పట్నాలకు తరలారు, 1979 కరువు మీద పడింది, పోలీసు కేసులు వెంటాడుతున్నాయి. అంతకుముందు సిరిసిల్ల నేతన్నలు భీవండి, షోలాపూర్ పోయేవాళ్ళు. ఇప్పుడు బొంబాయి దాటి దుబాయి పోవడం మొదలైంది. వాళ్ళల్లో మా మేనమామ ఒకడు. సిరిసిల్లలో సాంచాలు నడిపి, భీవండిలో నాలుగేళ్ళు చేసి, 1982లో అత్తమ్మ మెడలోది అమ్మి కువైట్ పోయాడు. బొంబాయి ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ చేసిన పని ఇంకొకటి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండేది. ఆ యజమానిని వాళ్ళు 'అర్బాబ్' అని పిలవాలి. చాలా ఏళ్ళ తర్వాత ఇరాన్ భూసంస్కరణల గురించి చదువుతుంటే తెలిసింది, ఇరాన్ పల్లెల్లో భూస్వామిని పిలిచే మాట అదేనని. బాంచెన్ దొరా అననని జైత్రయాత్రలో నడిచిన మా మామ, సముద్రం దాటి ఇంకో భాషలో అదే మాట అన్నాడు.

షాకు పట్టిన గతి చూసి భయపడిన ఆరుగురు రాజులు 1981 మేలో అబుదాబిలో గల్ఫ్ సహకార మండలి పెట్టుకున్నారు. సౌదీ, కువైట్, యుఏఈ, ఖతర్, బహ్రెయిన్, ఒమన్. జగిత్యాల బస్టాండులో ఈ రోజుకూ వినిపించే ఆరు పేర్లు అవే. రాజులంతా పాశ్చాత్యుల అండ ఉన్నవాళ్ళే, షాలాగా జనం తిరుగుబాటుతో ఎవరూ దిగిపోలేదు.

1980 సెప్టెంబరు 22న సద్దాం హుసేన్ సేనలు ఇరాన్ మీద పడ్డాయి. యుద్ధం ఎనిమిదేళ్ళు నడిచింది. ఇరాన్ విప్లవం తమ గడప తొక్కకూడదని కువైట్, సౌదీ సద్దాంకు అప్పుగా డబ్బు పోశాయి. ఒక్క కువైట్‌కే దాదాపు 1,400 కోట్ల డాలర్ల బాకీ. 1988లో యుద్ధం ఆగాక సద్దాం ఆ బాకీ మాఫీ చేయమన్నాడు, కువైట్ ఒప్పుకోలేదు. 1990 ఆగస్టు 2న ఆక్రమించాడు.

ఆ రెండు నెలలు మా అత్తమ్మ బీడీల చాట ముట్టలేదు. మామ క్షేమంగా ఉన్నాడో లేడో తెలియదు. ఆయన పంపిన పాత క్యాసెట్లే దిక్కు. చదువు రానివాళ్ళు అప్పట్లో ఉత్తరాలు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవాళ్ళు కదా. పక్కింటివాళ్ళ టూ-ఇన్-వన్‌లో పెట్టించుకుని అదే మాట మళ్ళీ మళ్ళీ వినేది. పైసలు పంపిన, పిల్లగాన్ని బడి మాన్పియ్యకు అని. మామ ఎడారి దాటి, జోర్డాన్ శిబిరంలో పడుండి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి చేరాడు. అలా తరలించినవాళ్ళు లక్షన్నరకు పైగా ఉన్నారు. సిరిసిల్లలో బస్సు దిగినప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో రెండు జతల బట్టలు, బొంబాయిలో ఎవరూ మార్చమన్న కొన్ని దినార్లు. ఎనిమిదేళ్ళ సంపాదన. నేను అప్పుడే ఇంజనీరింగు ముగించి ఉద్యోగంలో చేరాను. బస్టాండుకు వెళ్ళి తీసుకొచ్చింది నేనే. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు.

ఆయన మళ్ళీ గల్ఫ్ పోలేదు. కొడుకు పోయాడు, ఇప్పుడు మనవడు ఖతర్‌లో ఉన్నాడు. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ క్షిపణులు ఖతర్‌లోని అల్ ఉదైద్ అమెరికా స్థావరం మీదికి వచ్చినప్పుడు, దోహా క్యాంపు మేడ మీద నుంచి ఆ పిల్లవాడు నాకే వీడియో కాల్ చేశాడు. "మామా, నాయనమ్మకు చెప్పకు" అన్నాడు. వెనక ఆకాశంలో నిప్పురవ్వలు. నేను చెప్పే లోపే అత్తమ్మ టీవీలో చూసేసింది.

పొద్దున సిరిసిల్ల వెళ్ళాను. డెబ్భై అయిదు దాటినా అత్తమ్మ చూపు సూటిగానే ఉంది. మామ పోయి పదకొండేళ్ళు.

"ఇరాన్ అంటే మీ మామను ఎల్లగొట్టిన దేశమే కదా అల్లుడా?"

"కాదత్తమ్మా, అది ఇరాక్. అది వేరు."

"వేరెట్లయితది? ఒకటి లేశినంకనే కదా ఇంకోటి లేశింది."

ఆమె ఏనాడూ బడి మెట్లు ఎక్కలేదు. నేను నలభై ఆరేళ్ళు పెట్టి, ఇన్ని పేజీలు రాసి చెప్పింది కూడా అంతే సార్. మార్కులు ఆమెకు వేయండి.